సోమన్న చేతి మీద నాలుగు పొక్కులు

1926 మాఘమాసంలో నన్ను అరకులోయకు మశూచి టీకాల ఉద్యోగిగా వేశారు. శృంగవరపుకోటలో బండి దిగి, అనంతగిరి ఘాటు కాలినడకన ఎక్కాలి. టీకా మందు సన్నటి గాజు గొట్టాల్లో వచ్చేది. వేడికి పాడవుతుంది కాబట్టి తడిగుడ్డ చుట్టి, కుండలో పెట్టి మోయించేవాళ్ళం. చేతి మీద నాలుగు చోట్ల గీసి మందు రాయాలి. ఎనిమిదో రోజున మళ్ళీ వెళ్ళి చూడాలి. పొక్కులు లేస్తే టీకా పట్టినట్టు. నాకు పుట్టుకతోనే ఓపిక తక్కువ. ఆ ఎనిమిది రోజులూ నన్ను కొరుక్కు తినేవి.

రూల్సులో లేని పద్ధతి ఒకటి పైవాళ్ళే నేర్పారు. కొండ ఊళ్ళలో మశూచి అంటే అమ్మవారు, పొక్కులంటే ఆవిడ ముత్యాలు. అందుకని "ఇది అమ్మవారు పంపిన సూది" అని చెప్పి గీసేయమనేవారు. నేనూ నదురూ బెదురూ లేకుండా అలాగే చెప్పేవాణ్ణి.

లోయకు పైనున్న ఒక ఊళ్ళో ఆ మాట చెల్లలేదు. పక్క ఊళ్ళో అప్పటికే మశూచి తగిలింది. ఊరిపెద్ద గాసన్న మాత్రం అమ్మ పంపితే అమ్మే వచ్చి చెబుతుందని తేల్చేశాడు. కుండలో గొట్టాలు వేడెక్కుతున్నాయి, నాకు కాలు నిలవడం లేదు. అప్పుడు ఊరి చివరి పాకలోంచి గాసన్న కొడుకు సోమన్న వచ్చి చెయ్యి చాపాడు. ఆ రోజు అతనొక్కడికే గీశాను.

సోమన్న జయపురం వైపు కూలికి వెళ్ళి అక్కడ బాప్తిస్మం తీసుకున్నాడు. తిరిగొచ్చి, అమ్మవారి పండక్కి ఇంటింటి నుంచీ ఇచ్చే కోడిని ఇవ్వనన్నాడు. అప్పటినుంచి ఊళ్ళో అతనికి నిప్పు ఇవ్వరు, ఊట దగ్గర అందరూ అయ్యాకే నీళ్ళు. తల్లి ఉన్న ఇంటి గడప తొక్కనివ్వరు. నేను క్రైస్తవుణ్ణి కాను. ఒక్క కోడికోసం ఇంత పంతమా అని నాకూ విసుగేసింది.

ఎనిమిదో రోజున వెళ్ళేసరికి ఊరంతా అతని పాక ముందుంది. సోమన్నకు ఒళ్ళు కాలుతోంది. చేతి మీద నాలుగు పొక్కులూ నిండుగా లేచాయి. నా దృష్టిలో అంతకన్నా మంచి టీకా లేదు. ఊరి దృష్టిలో అమ్మవారు అతని మీదికి వచ్చింది. గాసన్న పసుపునీళ్ళ చెంబుతో ఎదురుగా నిలబడి ఉన్నాడు. అమ్మవారే అతన్ని ఒప్పుకుంది కాబట్టి ఇంటికి వచ్చెయ్యమంటున్నాడు. వెనకాల తల్లి ఏడుస్తోంది.

నేను సోమన్న చెవిలో చెప్పాను: నోరు మెదపకు, నీకు ఇల్లు దక్కుతుంది, నాకు ఊరు దక్కుతుంది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సోమన్న తల్లి వైపు చూశాడు. తర్వాత తండ్రితో అన్నాడు: "అమ్మ కాదయ్యా. మందు. బాబు గీసినాడు, లేసింది. నాను ఏసుని నమ్ముకున్నోణ్ణే."

గాసన్న చెంబులో నీళ్ళు నేలమీద పారబోసి వెళ్ళిపోయాడు. జనం కూడా చెదిరిపోయారు. నీ మూర్ఖపు సత్యం వల్ల ఊరు చస్తుందని నేను సోమన్న మీద అరిచాను. అతను పాకలోకి వెళ్ళి పడుకున్నాడు.

కుండ ఎత్తించి బయలుదేరబోతుంటే గాసన్న తిరిగి వచ్చాడు. చెయ్యి చాపాడు.

"గియ్యి బాబూ," అన్నాడు. "ఆడు ఊరుకుంటే ఇంటికొచ్చీవోడు. ఊరుకోనేదు. ఆడు మందన్నాడంటే అది మందే. నువ్వు సెప్తే నమ్మనేదు గానీ."

అతని వెనకే ఊరూ వచ్చింది, సాయంత్రానికి గొట్టాలన్నీ అయిపోయాయి. మరి కొడుకును ఇంట్లోకి రానిస్తావా అని అడిగాను. అది వేరే మాట అన్నాడు గాసన్న. ఆ ఏడు ఊళ్ళోకి మశూచి రాలేదు. సోమన్న మాత్రం ఊరి చివరి పాకలోనే ఉండిపోయాడు.

ఆ తర్వాత నా సర్వీసు మొత్తంలో అమ్మవారి సూది అన్న మాట అనలేదు. మందనే చెప్పాను. కొన్ని ఊళ్ళు వెళ్ళగొట్టాయి. గొట్టాలు పాడయ్యాయి, పైవాళ్ళు సంజాయిషీ అడిగారు. కొత్త మందు తెప్పించుకుని మళ్ళీ అవే ఊళ్ళకు వెళ్ళి, మళ్ళీ అదే మాట చెప్పాను.