తన ఊరి దేవుణ్ణి తానే దొంగిలించిన మత్సుయో

మా నగబారు ఊళ్ళో తెలివైనవాళ్ళు లేరని కాదు. ఉన్నారు, కాకపోతే పనయిపోయాక బయటికొచ్చే తెలివి వాళ్ళది. ఊరు మొత్తమ్మీద సమయానికి పనికొచ్చే పని చేసిన మనిషి సమెషిమా మత్సుయో ఒక్కతే. ఆవిడ చేసింది దొంగతనం. అందులో నాకూ సగం వాటా ఉంది కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను.

మత్సుయో మా పక్కింటావిడ. నేను పిన్నీ అంటాను. ఎనభై మూడేళ్ళు. వాగు అవతల కుబోషిటలో పుట్టి ఇరవయ్యో ఏట వాగు ఇవతల మా ఊరికి కోడలిగా వచ్చింది. జీవితంలో ఆవిడ చేసిన పెద్ద ప్రయాణం ఆ మూడు వందల గజాలే. ఆ తర్వాత వరి, చిలగడదుంపలు, పందులు, మా పక్కనున్న అగ్నిపర్వతం విసిరే బూడిదను ఉతికిన బట్టల మీంచి దులుపుకోవడం. ఏటా నాట్లకు ముందు మా పొలం దేవుడి మొహానికి తెల్లగా పౌడరు రాసి పెదాలకు ఎరుపు పెట్టే పని కూడా నలభై ఏళ్ళుగా ఆవిడదే.

దేవుడు అనగానే గొప్పగా ఊహించుకోకండి. మోకాలెత్తు రాయి. నెత్తిన అన్నం ఆవిరిమీద వండే బుట్ట మూతలాంటి టోపీ, ఒక చేతిలో అన్నం గరిటె, రెండో చేతిలో గిన్నె, కడుపు నిండినవాడి నవ్వు. వెనక నుంచి చూస్తే ఇంకోలా కనిపిస్తాడు, ఆ సంగతి ఆడదాన్ని నేనెందుకు రాయాలి.

పంట సరిగా పండని ఊరివాళ్ళు, బాగా పండిన పక్క ఊరి దేవుణ్ణి ఎత్తుకుపోవడం మా వైపు తప్పు కాదు. పైపెచ్చు పోగొట్టుకున్న ఊరికి గొప్ప. దొంగలు ఒక ఉత్తరం పెట్టి పోతారు, దేవుడే రాసినట్టు. పోగొట్టుకున్నవాళ్ళు వెతక్కూడదు. రెండు మూడు పంటలయ్యాక దొంగలే మగవాళ్ళకు ఆడవేషాలు వేసి, మొహాలకు పౌడర్లు పూసుకుని, డప్పులతో, బియ్యంతో, దుంపసారాతో దేవుణ్ణి తిరిగి తెస్తారు. దేవుడికి మొహం దిద్దే ఇంటి ముందు దించి, దొంగలం మేమేనని నోరారా ఒప్పుకుంటారు. ఒప్పుకోకుండా దించడం కుదరదు. ఒప్పుకున్నాక అదే ఇంట్లో విందు. ఎంత పగవాడైనా ఆ రోజు గుమ్మం ఎక్కి తినాల్సిందే.

ఇప్పుడు పిన్ని అన్న గురించి చెప్పాలి. కువజురు ఇవావో, కుబోషిట మనిషి, ఎనభై ఆరేళ్ళు. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. చెల్లెలిదీ అదే జాతి, కాబట్టి ఇద్దరి కుందేళ్ళకూ కలిపి ఆరు.

ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట ఎండలకు వాగు దాదాపు ఎండిపోయిన ఏడాది. రెండు ఊళ్ళకూ ఒకటే తూము, వంతుల మీద నీళ్ళు. మా వంతు వచ్చిన రోజు తెల్లవారేసరికి తూము మా వైపు మూసి ఉంది, నీళ్ళు కుబోషిట వైపు పోతున్నాయి. పిన్ని మొగుడు తకెజో పొలం నెర్రెలు బారింది. తకెజో నోట్లో నాలుక లేని మనిషి. బతుకులో ఒక్కసారి నోరు తెరిచి, తూము మూసింది మా బావమరిదే, నా కళ్ళతో చూశాను అన్నాడు. పరాయి గడ్డిపోచ ముట్టని వంశం మాదని ఇవావో సభలో గుండెలు చరుచుకున్నాడు. సాక్ష్యం లేదు. మా పెద్దమనుషులకు న్యాయం కంటే నిద్ర ముఖ్యం. తకెజో చేత నేలకు చేతులానించి, తల వంచి, అబద్ధం చెప్పానని అందరి ముందు అనిపించి ఇళ్ళకు పోయారు. నేనప్పుడు కొత్త కోడలిని, ఆ సభలో టీ పోశాను. నేనూ నోరెత్తలేదు. రెండేళ్ళకు తకెజో పోయాడు, అబద్ధాలకోరు అన్న పేరుతోనే పోయాడు. అంత్యక్రియలకు కూడా ఇవావో రాలేదు.

పిన్నికి కావలసింది ఒక్కటే. అన్న ఆ గుమ్మం ఎక్కి, తకెజో ఫొటో ముందు ఆ మాట వెనక్కి తీసుకోవాలి. ఊరికే వెళ్ళి అడగదు. ఊరికే ఆయన రాడు. ఆయన రావడానికి మిగిలిన దారి మా పొలం దేవుడే. కుబోషిటవాళ్ళు ఎప్పటికైనా దేవుణ్ణి ఎత్తుకుపోతారని ఆవిడ ఏళ్ళ తరబడి ఎదురుచూసింది. అక్కడ మిగిలింది తొమ్మిది ఇళ్ళు, అన్నీ మోకాళ్ళ నొప్పులవాళ్ళవి.

ఈలోగా దిగాడు మహానుభావుడు ఇజిచి గారు. పట్నంలో ఏదో ఆఫీసులో రిటైరై ఐదేళ్ళ కిందట వచ్చి చరిత్ర సంఘం పెట్టాడు. పదకొండు మంది సభ్యులు, వాళ్ళలో ఏడుగురికి వినపడదు. ఇజిచి గారి పూర్వీకులు కత్తులు పట్టిన వీరులట. మా అత్తగారు బతికుండగా వాళ్ళ తాత ఆ కత్తి పట్టిన చేత్తోనే దుంపలు తూచేవాడని చెప్పేది. ఆయన దేవుణ్ణి టేపుతో కొలిచాడు, పుస్తకం అచ్చు వేయించాడు, పౌడరు వల్ల రాయి పాడవుతోందని పిన్నిని ఇక రాయొద్దన్నాడు. చివరికి, సోమవారం దేవుడి కింద సిమెంటు దిమ్మె పోసి చుట్టూ ఇనుప కటకటాలు పెట్టిస్తున్నామని ప్రకటించాడు.

ఆదివారం పొద్దున్నే పిన్ని మా పెరట్లోకి వచ్చింది.

"ఒసే నమికో, నీ బండి ఖాళీయేనా?"

"ఎరువు బస్తాలున్నాయి పిన్నీ. ఏం?"

"దించెయ్. దేవుణ్ణి ఎక్కించాలి."

"ఎక్కడికి?"

"మా పుట్టింటికి."

నోట్లో టీ నోట్లోనే ఉండిపోయింది నాకు. "అదేంటి పిన్నీ, ఎత్తుకుపోవాల్సింది వాళ్ళు కదా? మనమే తీసుకెళ్ళి ఇస్తే దొంగతనం ఎలా అవుతుంది?"

"వాళ్ళకి వాగు దాటే ఓపికే లేదు, దొంగతనం కూడానా! వాళ్ళొచ్చేదాకా కూచుంటే రేపు ఆ పెద్దమనిషి సిమెంటు పోసేస్తాడు. ఆ తర్వాత ఎత్తుకెళ్ళేదెవరు, తిరిగి తెచ్చేదెవరు, మా అన్న నా గుమ్మం ఎక్కేదెప్పుడు?"

"మరి ఆయన, నేను తేలేదు, ఎవరో పారేసి పోయారు అంటే?"

"అననీ. నిజమే కదా అది. అప్పుడు దొంగ నేనేనని ఊరందరికీ తెలుస్తుంది. మొగుడు అబద్ధాలకోరు, పెళ్ళాం దొంగ. జోడీ కుదురుతుంది."

మధ్యాహ్నం రెండింటికి ఊరంతా సంఘం హాల్లో ఉంది. ఇజిచి గారి ఉపన్యాసం, 'పొలం దేవుడి పరిరక్షణ, మన కర్తవ్యం'. కిటికీలు తెరిచే ఉన్నాయి. మైకులో ఆయన ఒక్కో ముక్కా వినిపిస్తోంది. నలభై అడుగుల దూరంలో మేమిద్దరం దేవుడి నడుముకు తాడు కట్టి, పలక మీదుగా బండిలోకి దొర్లిస్తున్నాం. నేను తోస్తున్నాను, పిన్ని తిడుతోంది.

"దేవుళ్ళను దొంగిలించే ఈ వింత ఆచారం నేడు పూర్తిగా అంతరించిపోయింది" అన్నాడు మైకులో ఇజిచి గారు. చప్పట్లు. సరిగ్గా అప్పుడే దేవుడు ధబ్బున బండిలో పడ్డాడు. ఆ చప్పట్లు లేకపోతే దొరికిపోయేవాళ్ళం. ఆయన వల్ల ఊరికి జరిగిన మేలు అదొక్కటే.

బయల్దేరబోతే పిన్ని పౌడరు డబ్బా తీసింది.

"ఇప్పుడా పిన్నీ? ఎవరైనా బయటికొస్తే?"

"మొహం దిద్దకుండా ఊరు పంపుతామా? నోరు మూసుకుని అటు చూస్తుండు."

దేవుడున్న చోట ఉత్తరం పెట్టాం. నేనే ఎడం చేత్తో రాశాను: 'కొన్నాళ్ళు తిరిగొస్తాను. వెతకొద్దు. ఒళ్ళు జాగ్రత్త.' ఇవావో పొలం గట్టు మీద, ఈత చాప పరిచినంత చోటులో దేవుణ్ణి దించి వచ్చేశాం. ఇవావో ఇంట్లో కునుకు తీస్తున్నాడు. నడుం నొప్పి నాకు పది రోజులు పోలేదు.

సోమవారం సిమెంటు బండి వచ్చింది, దేవుడు లేడు. ఇజిచి గారు పోలీసు అరిమురాను పిలిపించాడు. అరిమురా ఇక్కడే పుట్టి పెరిగినవాడు. ఉత్తరం రెండుసార్లు చదివి మడత పెట్టి ఇచ్చేశాడు.

"తిరిగొస్తానని ఆయనే రాశారు కదండీ. ఇందులో కేసేముంది?"

"ఇది వారసత్వ సంపద! దొంగతనం!"

"మీ పుస్తకంలో ఇరవై మూడో పేజీలో ఉందండీ, మా అమ్మ చదివింది. వెతక్కూడదట."

ఇజిచి గారు ఆ ఆచారం గురించి రాశాడే కానీ అది తనకూ వర్తిస్తుందని ఎన్నడూ అనుకోలేదు. చదువుకున్నవాళ్ళతో వచ్చిన చిక్కే అది.

ఇవావో మాత్రం దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాడు. ఆ పౌడరు ఎవరి చేతి పనో ఆయనకు తెలియకుండా ఉండదు. మూడో రోజుకు దేవుడి మీద చిన్న గడ్డి కప్పు లేచింది. నేను బండిలో అటు పోయి వచ్చినప్పుడల్లా పిన్ని గుమ్మంలో నిలబడి అడిగేది.

"ఏం చేస్తున్నాడు?"

"కలుపు తీస్తున్నాడు."

"దేవుడి ముందు ఏమైనా పెట్టాడా?"

"అన్నం ముద్ద పెట్టాడు."

"ఉప్పు వేశాడా?"

"దిగి నాకి చూడమంటావా పిన్నీ?"

ఆగస్టులో ఇవావో పొలంలో పడిపోయాడు. పది రోజులు ఆసుపత్రి. వెళ్ళి చూసి రమ్మన్నాను. నేను వెళ్తే ఆయన గెలుస్తాడు అంది. ఆ మాట అని, ఆ మండుటెండలో సాయంత్రం దాకా కలుపు పీకుతూనే ఉంది. కలుపుతో పాటు సగం వరి కూడా పీకేసింది. నాకు ఒళ్ళు మండింది. చచ్చేలోపు ఒక్క మాట మాట్లాడుకోవడానికి రాతి దేవుణ్ణి అడ్డం పెట్టుకునే ఈ ముసలివాళ్ళను ఏమనాలి? ఇవావో చస్తే దేవుణ్ణి వాళ్ళ కొడుకు ట్రక్కులో తెచ్చి పడేస్తాడు, ఒక మాట ఉండదు, ఒక విందు ఉండదు, తకెజో ఎప్పటికీ అబద్ధాలకోరుగానే మిగిలిపోతాడు. అది పిన్నికీ తెలుసు. అందుకే ఆ వరి మీద అంత కోపం.

అక్టోబరులో కోతలైన మర్నాడు వాగు అవతల డప్పు మోగింది. రెండు మూడేళ్ళ తర్వాత తేవడం ఆనవాయితీ. తనకు అన్నేళ్ళు మిగల్లేదని ఇవావో లెక్క వేసుకున్నట్టున్నాడు.

వచ్చింది ఏడుగురు. కుబోషిటలో నడవగలిగిన బలగం మొత్తం అదే. తోపుడు బండిలో దేవుడు, పక్కన బియ్యం, దుంపసారా, వేయించిన చేపవడలు. ముందు ఇవావో, కోడలి పువ్వుల కిమోనో కట్టుకుని, మొహమంతా తెల్లగా పూసుకుని, పెదాలకు ఎర్రరంగు చెవుల దాకా పెట్టుకుని, కర్ర ఊతంతో. అంత వికారమైన పెళ్ళికూతుర్ని నేను చూడలేదు. మా ఊరివాళ్ళంతా పిన్ని వాకిట్లో మూగారు. పిన్ని వసారాలో నిలబడింది, గుంజ పట్టుకుని.

ఇజిచి గారు కాగితాలతో అడ్డం వచ్చాడు. "రికార్డులో రాయాలి. తీసుకెళ్ళింది ఎవరో పేర్లు చెప్పండి."

పిన్ని చెయ్యి గుంజ మీద బిగుసుకుంది. తెలియదు అని ఇవావో ఒక్క మాటంటే చాలు, అది నిజం కూడా.

"నా పేరు రాసుకో. కువజురు ఇవావో, ఎనభై ఆరేళ్ళు."

"తోడు ఎవరు?"

"ఎవరూ లేరు. నేనొక్కణ్ణే భుజాన వేసుకుని పోయాను."

సారా సీసా ఎత్తలేని చేతులు ఆయనవి. జనం గొల్లున నవ్వారు. ఇజిచి గారు ఒక్కడే నమ్మి రాసుకున్నాడు. పరాయి గడ్డిపోచ ముట్టనని ముప్ఫై ఏళ్ళు ఊరేగిన మనిషి, చెల్లెలి దొంగతనాన్ని అందరి ముందు తన నెత్తిన వేసుకున్నాడు. ముసలివాడి మీద నాకు మొదటిసారి కోపం రాలేదు.

దేవుణ్ణి వసారాలో దించారు. ఇవావో గుమ్మం ఎక్కి లోపలికి వెళ్ళాడు. వడ్డించడానికి నేనూ వెళ్ళాను. తకెజో ఫొటో ముందు కూలబడి, అగరొత్తి వెలిగించాడు.

"తకెజో, ఆ తూము మూసింది నేనే. నువ్వు చూశావు, చూసిందే చెప్పావు. నా పిల్లల గింజల కోసం నీ చేత అబద్ధం చెప్పించాను."

పిన్ని వెనకే నిలబడి ఉంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఇక్కడ కాదు. ఆయన తల వంచింది ఊరి ముందు. బయటికి రా."

ముసలివాడు లేచాడు. వసారాలోకి వచ్చి, మోకాళ్ళ మీద కూచుని, నేలకు చేతులానించి అదే మాట గట్టిగా చెప్పాడు. ఆ పౌడరు, ఆ కిమోనో, ఆ ఎర్ర పెదాలు. మావాళ్ళు వేషంలో భాగమనుకున్నారు. డప్పువాడు ఒక దెబ్బ కూడా వేశాడు. పకపకా నవ్వారు. ఇజిచి గారు ఫొటో తీశాడు.

"నోర్ముయ్యండి!" అంది పిన్ని. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. తర్వాత అన్న చెయ్యి పట్టుకుని లేపి, పెరటి కుళాయి దగ్గరికి తీసుకెళ్ళింది.

"మొహం కడుక్కో అన్నయ్యా. కడుక్కుని మళ్ళీ చెప్పు."

ఆయన కడుక్కున్నాడు. చాలాసేపు పట్టింది. పిన్ని తన తువ్వాలుతో చెవుల దగ్గరి ఎరుపు తుడిచింది. తిరిగొచ్చి, ముడతలు పడ్డ సొంత మొహంతో, మొదటి నుంచీ మళ్ళీ చెప్పాడు. తకెజో చేత తల వంపించిన పెద్దల్లో బతికున్న ముగ్గురూ ఆ జనంలోనే ఉన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.