సుత్తులు ఆగిన గల్లీ

నా చిన్నప్పుడు మా పెద్దమ్మ ఇంటికి వెళ్లడమంటే చప్పుడులోంచి ఇంకా పెద్ద చప్పుడులోకి వెళ్లడమే. మేము ఫలక్‌నుమాలో రైలు పట్టాల పక్కన ఉండేవాళ్లం. పెద్దమ్మ వాళ్లది లాడ్ బజార్ వెనక ఒక సన్నని గల్లీ. అందులో బర్రెలు పెట్టుకుని పాలమ్మే మావాళ్ల ఇళ్లు, వాటిని ఆనుకుని కొన్ని, ఎదురుగా కొన్ని వరఖ్ దుకాణాలు. మిఠాయి మీద అంటించే వెండి రేకును వరఖ్ అంటారు. తోలు పుటల కట్టలో వెండి ముక్కలు పెట్టి, రాయి మీద ఆనించి, పొద్దున కూర్చున్నవాళ్లు మధ్యాహ్నం దాకా సుత్తితో కొడుతూనే ఉంటే అది ఊదితే ఎగిరిపోయేంత పలచన అవుతుంది. నలుగురు మనుషులు నాలుగు సుత్తులు ఒకదాని తర్వాత ఒకటి వేసేవాళ్లు. రెండు సుత్తులు ఒకేసారి పడటం నేను ఎన్నడూ వినలేదు.

ఒక రోజు మాత్రం మా అమ్మ గల్లీ మొదట్లోనే ఆగి, కింద కూర్చుని, నా కాళ్ల పట్టీలు విప్పి కొంగున కట్టుకుంది. తన గాజులు మోచేతి వైపు నెట్టి వాటికి చేతిగుడ్డ చుట్టింది.

"లోపట గట్టిగ మాట్లాడకు. దగ్గొచ్చినా నోటికి గుడ్డ అడ్డం పెట్టుకో. సమజైందా?" అంది.

గల్లీకి అడ్డంగా మంచం వేసుకుని ఒక ముసలాయన కూర్చున్నాడు. వచ్చిన ప్రతి బండినీ ఆపి, ఇంజన్ బంద్ చేయించి, తోసుకుంటూ పొమ్మంటున్నాడు. ఒక ఆటో అతనికి చిరాకు వచ్చింది.

"ఏంది తాతా, గల్లీల మంత్రి గిట్ల పండిండా?"

"మంత్రి అయితే నేనే హారన్ కొట్టి లేపుతుంటి. పోరడు పండిండు. దిగి తొయ్యి."

అతను దిగి తోశాడు.

పండుకున్నది మా పెద్దమ్మ కొడుకు. నాకు అన్న. అప్పుడప్పుడే మీసాలు వస్తున్న వయసు. కొట్టంలో బర్రెను కట్టేస్తుంటే తుప్పు పట్టిన మేకు అరికాల్లో దిగింది. పెద్దమ్మ దాన్ని లాగేసి, నీళ్లతో కడిగి, అప్పుడే వేసిన పేడ తెచ్చి పుండు మీద అద్ది గుడ్డ కట్టింది. వాళ్ల ఇంట్లో ఏ దెబ్బకైనా అదే. వాకిలి అలికేది పేడతో, పొయ్యి అలికేది పేడతో. శుభ్రం చేయడానికి వాడేదే పుండుకు చెడు చేస్తుందని ఎవరికి తోస్తుంది? పుండు పైకి మాని, కొన్నాళ్లకు అన్న దవడలు బిగుసుకున్నాయి. అది ధనుర్వాతం. ఆసుపత్రిలో డాక్టరు పుండు మీద ఏం పెట్టారని అడిగితే పెద్దమ్మ పసుపు అంది. పక్కనే ఉన్న పెద్దనాన్న నేల చూపులు చూశాడు.

ఆ జబ్బుకు వెలుగు పడదు, చప్పుడు పడదు. ఒక గిన్నె కింద పడినా మనిషి విల్లులా వంగిపోతాడు. ఆసుపత్రిలో మందులు బాగానే ఇచ్చారు గానీ, ఆ వార్డు రోడ్డు పక్కన. బయట బస్సు హారన్ కొట్టిన ప్రతిసారీ కొడుకు ఎగిరిపడటం పెద్దనాన్న చూడలేకపోయాడు. ఊపిరి ఆగితే ఇంట్లో ఏమీ చేయలేమని డాక్టరు చెప్పినా వినకుండా, సంతకం పెట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. ఇంజక్షన్లు ఇవ్వడానికి బస్తీలోని ఒక కాంపౌండరు వచ్చి పోతుండేవాడు.

వెనక గదిలో పడుకోబెట్టారు. కిటికీకి గొంగడి కట్టారు. వాకిట్లోంచి వచ్చే చప్పుడును పాత మందపాటి డంగుసున్నం గోడలు కొంత ఆపేవి. కానీ ఆ గదికి, మేము చాచా అని పిలిచే ఆయన వరఖ్ దుకాణానికి మధ్య ఉన్నది తర్వాత ఎప్పుడో పెట్టిన నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. ఇప్పుడు నేను జల్‌పల్లిలో ఇళ్లు కట్టుకునేవాళ్లకు ఇటుకలూ సిమెంటూ లెక్క వేసి ఇస్తుంటాను. ఏ బడిలోనూ నేర్చుకోలేదు, చూసి, కొలిచి, తప్పులు దిద్దుకుంటూ పట్టుకున్నాను. అంత పలచని గోడ నీడ ఇస్తుంది, చప్పుడును మాత్రం ఆపదు.

సుత్తులు ఆపమని చాచాను ఎవరూ అడగలేదట. అన్నను తెచ్చిన రోజే ఆయన తన మనుషులతో సుత్తులు కింద పెట్టించాడు. వాళ్లను వేరే గల్లీలో తెలిసినవాళ్ల దుకాణాలకు పంపి, తను మాత్రం తలుపు తెరిచి ఊరికే కూర్చునేవాడు, వచ్చే పోయే వాళ్లను సైగతో ఆపడానికి. ఆయన ఆగాక మిగతా దుకాణాలు ఆగాయి. మసీదులో మైకు మూతి బజారు వైపు తిప్పారు. ఆడవాళ్లు కుక్కరు పెట్టడం మాని గంజి వార్చే గిన్నెలో అన్నం వండారు. మావాళ్ల ఇళ్లలో దూడలను తల్లుల దగ్గరే వదిలేశారు. విడిగా కడితే అవి అరుస్తాయి. వదిలితే సగం పాలు అవే తాగేస్తాయి. తాగనిచ్చారు. పాలు పిండేటప్పుడు ఉత్త బకెట్‌లో ధార మోగుతుందని ముందుగా అడుగున తడిగుడ్డ వేసేవాళ్లు.

నేను చూసినంతలో మా పట్నంలో అంత నిశ్శబ్దమైన చోటు ఇంకొకటి లేదు. బయట బజారు సముద్రంలా హోరెత్తుతుంటే, లోపల బర్రె నెమరు వేయడం వినిపించేది. మా అమ్మకూ పెద్దమ్మకూ పెదవుల కదలికతోనే మాటలు. నేను ఆ గది గడప దాకా వెళ్లాను. చీకట్లో అన్న పళ్లు కనిపించాయి. నవ్వుతున్నాడనుకున్నాను. ఆ జబ్బులో ముఖం అలాగే బిగుస్తుందని తర్వాత తెలిసింది.

అంతమంది అంత జాగ్రత్తగా కాపాడినా అన్న బతకలేదు. ఒక మధ్యాహ్నం, ఏ చప్పుడూ లేకుండానే వంగిపోయి, మళ్లీ ఊపిరి తీసుకోలేదు.

కబురు తెలిసి మేము వెళ్లేసరికి ఊరి నుంచి వచ్చిన చుట్టాలు వాకిట్లో ఉన్నారు. మా వైపు ఆడవాళ్లు చనిపోయినవాళ్ల గుణాలు చెప్పుకుంటూ, రాగం తీస్తూ, శోకాలు పెట్టి ఏడుస్తారు. ఒక ముసలామె అలా మొదలుపెట్టగానే పెద్దమ్మ ఉరికి వచ్చి ఆమె నోరు అరచేత్తో మూసేసింది. "ష్! పోరడు ఉలిక్కిపడతడు" అంది. అందరూ బిగుసుకుపోయారు. తర్వాత ఎవరూ గొంతు ఎత్తలేదు. శవం ముందు డప్పు కూడా వద్దంది. అన్న ఆ గల్లీలోంచి చెప్పుల చప్పుడుతో మాత్రమే వెళ్లిపోయాడు.

దినాలన్నీ అయిపోయాక అమ్మ నన్ను మళ్లీ తీసుకెళ్లింది. గల్లీ ఇంకా అలాగే ఉంది. గల్లీ మొదట్లో ముసలాయన మంచం తీయలేదు. సుత్తులు పడటం లేదు. గోడ అవతల ఆ తల్లి ఉండగా మొదటి దెబ్బ తాను వేయకూడదని ఒక్కొక్కరూ అనుకున్నారు. వాళ్లది పూర్తిగా మంచి మనసే. ఇంట్లో పెద్దమ్మ బియ్యం చాట ముందు పెట్టుకుని, ఒక్క గింజ కదపకుండా కూర్చుంది. కన్నీళ్లు లేవు. సరిగా తినడం లేదని, నిద్ర లేదని పెద్దనాన్న అమ్మకు చెప్పాడు. "ఒక్కసారన్న ఏడుస్తలేదు. లోపట్నే గడ్డకట్టి ఇది గుడ పోతదేమో" అన్నాడు. ఎంత నిబ్బరం అని చుట్టాలు మెచ్చుకున్నారట. ఆ మాట చెప్పి వాళ్లను తిట్టాడు.

ఉన్నట్టుండి పెద్దమ్మ లేచింది. దగ్గరున్న నా చెయ్యి పట్టుకుని పక్క దుకాణంలోకి నడిచింది. చాచా కంగారుగా లేచి నిలబడ్డాడు.

"దుకాణం ఎందుకు బంద్ పెట్టినవ్ భాయ్?"

"మా దగ్గర చాలీస్‌వా, గదే నలభయ్యో దినం, అయ్యేదాక గిట్లనే ఉంటం బెహన్. నీ కొడుకంటే మా కొడుకు గాదా? ఫికర్ నక్కో. మాకేం నష్టం లేదు."

"నష్టం గురించి అడుగుతలేను. కొట్టు."

"చెయ్యి ఆడుతలేదు బెహన్."

పెద్దమ్మ గుమ్మం పక్కన గోడకు ఆని కూర్చుంది. నన్నూ కూర్చోబెట్టుకుంది. పెదవులతోనే, నాకు వినిపించీ వినిపించనట్టు అంది. "కొట్టు భాయ్. నాకు ఏడుపు వస్తలేదు. నోరు తెరిస్తే అందరికీ ఇనబడ్తది."

చాచా ఆమెను ఒకసారి చూశాడు. తోలు కట్ట తీసి రాయి మీద పెట్టుకున్నాడు. అందులో వెండి పెట్టలేదు. నేను దగ్గరగా కూర్చున్నాను కాబట్టి చూశాను, పుటల మధ్య ఏమీ లేదు. ఉత్త కట్ట మీద సుత్తి ఎత్తి వేశాడు.

మొదటి దెబ్బకు పెద్దమ్మ ఒళ్లంతా ఎగిరిపడింది. నా వేళ్లు విరుగుతాయేమో అన్నంత గట్టిగా పట్టుకుంది. రెండో దెబ్బకూ అంతే. గోడ వైపు తల తిప్పి చూసింది. ఆ పక్క గదిలో ఎవరూ లేరు. దెబ్బ తర్వాత దెబ్బ పడుతూనే ఉంది, గోడ అవతల ఎవరూ వంగిపోవడం లేదు. ఎదుటి దుకాణంలో ఎవరో తొంగి చూశారు. చాచా తల ఎత్తకుండానే గడ్డంతో సైగ చేశాడు. అక్కడ ఇంకో సుత్తి అందుకుంది. దాని పక్కన ఇంకోటి. కాసేపటికి గల్లీ గల్లీ అంతా మోగిపోయింది.

అప్పుడు పెద్దమ్మ నోరు తెరుచుకోవడం చూశాను. గొంతు నాకు కొంచెం ఆలస్యంగా వినిపించింది. అది మనిషి గొంతులా లేదు. "నేనే పెట్టిన బిడ్డా. పసుపు గాదు. పేడ నేనే పెట్టిన. నా చేతులతోని పెట్టిన కొడుకా" అంటూ రాగం తీసింది. ఊరి ముసలామె నోట తను ఆపిన అదే శోకం. నేలను రెండు చేతులా కొట్టుకుంది. చాచా వినలేదన్నట్టే ఉన్నాడు. ఆయన గడ్డం మాత్రం తడిసి ఉంది. ఆమె గొంతు పెరిగినప్పుడల్లా సుత్తి ఇంకొంచెం బలంగా వేశాడు. ఎదుటి దుకాణం మనిషి అలసిపోతే కన్నెర్ర చేసి ఆగనివ్వలేదు. బయట నిలబడ్డ మా అమ్మ లోపలికి రాబోయి, చాచా సైగ చూసి అక్కడే ఆగిపోయింది.

పొద్దు వాలేదాకా కొట్టారు. ఆ రోజు గల్లీలో వరఖ్ ఏమీ తయారు కాలేదు. పెద్దమ్మ గొంతు పోయాక, నా ఒళ్లో తల పెట్టుకుని, ఆ సుత్తుల మోతలోనే నిద్రపోయింది.

పెద్దమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. బాగుపడిందని చెప్పలేను. పాలకు వచ్చే ప్రతి ఇల్లాలికీ, పుండు మీద పేడ పెట్టకండి, నేను పెట్టి కొడుకును పోగొట్టుకున్న అని చెప్పేది. విన్నవాళ్లు కొందరు జాలిపడేవాళ్లు, కొందరు వెనక ఏదో అనుకునేవాళ్లు. ఆమె చెప్పడం మానలేదు.

ఇప్పుడు చావు జరిగిన ఇళ్లకు నేనూ వెళ్తుంటాను. చిన్న చిన్న ప్లాట్లలో పలచని గోడలతో కట్టుకున్న కొత్త ఇళ్లు. వచ్చినవాళ్లు గుసగుసగా మాట్లాడతారు, టీవీ ఆపేస్తారు, పిల్లలను ఉష్ అని బయటికి పంపుతారు. అదంతా మర్యాదే, తప్పు పట్టను. నేను మాత్రం ఓదార్పు మాటలేవీ చెప్పకుండా వంటింట్లోకి వెళ్లి, అంట్ల గిన్నెలు ముందేసుకుని, కుళాయి తిప్పి, గట్టిగా చప్పుడు చేస్తూ తోముతాను. ఈవిడకు తీరు తెలియదన్నట్టు ఎవరో ఒకరు చూస్తారు. చూడనిస్తాను. లోపలి గదిలోంచి గొంతు మొదలవడం వినిపించినప్పుడు, కుళాయి ఇంకొంచెం తిప్పుతాను.