మధ్యలో వదిలిన జాగా

ఆ రోజుల్లో ఫోటో తీయించుకోవడం ఒక నిర్ణయం. ఇప్పుడది ఒక దురద. నిర్ణయం అన్నాక దానికి కొన్ని మర్యాదలుండేవి. పెద్దలను అడగాలి, చొక్కా ఇస్త్రీ చేయించాలి, తలకు నూనె పెట్టి పాపిడి తిన్నగా తీయాలి, ఆ పైన ఊపిరి బిగబట్టి నిలబడాలి. ఇప్పుడు మా హనుమకొండ పార్కుకు పొద్దున్నే నడకకు వెళితే, ప్రతి చెట్టు కిందా ఎవరో ఒకరు చేయి చాచి తమ ముఖాన్ని తామే ఫోటో తీసుకుంటూ కనిపిస్తారు. అదీ బాటకు అడ్డంగా నిలబడి. "ఇది నడిచే బాట" అని నేను చేతికర్రతో చూపిస్తాను. "సారీ అంకుల్" అని పక్కకు జరుగుతారు. నేను దాటగానే మళ్ళీ అక్కడే నిలబడతారు. (జీవితమంతా బడిపిల్లలను వరుసలో నిలబెట్టినవాణ్ణి. వరుస అనేది మనం వెనుదిరగ్గానే కరిగిపోయే పదార్థమని నాకు కొత్తగా ఎవరూ చెప్పనక్కరలేదు.) మోకాళ్ళు నొస్తాయి, ఎండ ఏటేటా ముందే ముదురుతుంది, రాలిన వేపపూత చెప్పులకు అంటుకుంటుంది. అలసిన మనిషికి వసంతం కూడా ఒప్పజెప్పిన పనిలాగే ఉంటుంది. అయినా ఈ ఋతువులో ఒక పూలమడి దగ్గర నా నడక తనంతట తానే నిదానిస్తుంది. నా యౌవనంలో నేను మొట్టమొదటిసారి కెమెరా మెడలో వేసుకుని నిలబడింది అక్కడే.

అప్పటికి నాకు లెక్కల మాస్టరుగా కొత్తగా ఉద్యోగం వచ్చింది. మా చర్చి అయ్యగారు నాకొక సంబంధం చూశారు. పిల్ల టీచరు ట్రైనింగు ముగించింది. తండ్రి చర్చిలో గంట కొట్టే బాధ్యత వహించేవాడు కనుక సంఘంలో అందరూ ఆయనను గంట పెద్దయ్య అనేవారు. గడియారమైనా ఒక్కొక్కప్పుడు వెనుకబడేదేమో గాని ఆయన గంట వెనుకబడేది కాదు. నాకాయన మీద చూడకుండానే గౌరవం కలిగింది. చిక్కల్లా రెండు చోట్ల వచ్చింది. మొదటిది, అవి లెంటు దినాలు. ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస కాలం. ఆ దినాలలో పెళ్ళిళ్ళే కాదు, పెళ్ళిచూపులు కూడా కూడవని పెద్దయ్య నియమం. రెండవది, తొర్రూరు దగ్గరి మా ఊళ్ళో మా అమ్మ కొట్టంలో జారిపడి, కాలికి సిమెంటు కట్టుతో మంచం మీద ఉంది. "నా కండ్లతోని చూడంది నేను ఊఁ అనను. నువ్వు చూసిన, ఇంకెవలో చూసిన అంటే నడువది" అని ఖచ్చితంగా చెప్పింది. ఈస్టరు దాటేదాకా ఆగుదామంటే, ములుగు వైపు నుంచి అటవీ శాఖ ఉద్యోగి సంబంధం ఒకటి పెద్దయ్య గుమ్మంలో కాచుకుని ఉంది. ఈస్టరు ఆరాధన కాగానే వారికి మాట ఇవ్వాలని ఆయన ఆలోచన.

దారి అయ్యగారే చెప్పారు. "లెంటుల పిల్లను చూపించుడు తప్పంటాండు గని, పార్కుల నడుసుడు తప్పని ఏ వాక్యంల లేదు గద సారూ? మీరు పూలు చూసుకుంట పోతాంటరు, వాళ్ళు గాలికి వత్తరు. ఎదురుపడుతరు. మీ దగ్గర కెమెరా ఉంటది. ఫోటో తీస్తరు. గది తీస్కపోయి అమ్మకు చూపెట్టుండ్రి. ఏం ఫికర్ చెయ్యకుండ్రి." ఒక దైవసేవకుని నోట ఇంత వ్యూహం వెలువడడం నాకు కొంత నొప్పి కలిగించింది. అయినా ఒప్పుకున్నాను. మా బడి డ్రాయింగు మాస్టారు తన కెమెరాను తోలుసంచితో సహా ఇస్తూ, "రీలుల ఇంక కొన్నే మిగిలినయి. ఆలోచించి నొక్కుండ్రి" అన్నాడు. ఆలోచించకుండా నేను ఏ పనీ చేయనని ఆయనకు తెలిసి కూడా అలా అన్నాడు.

ఆదివారం సాయంత్రం పార్కుకు వెళ్ళాను. కానుగలు లేత చిగుళ్ళతో మెరుస్తున్నాయి. బంతిపూల మడి విరగబూసి ఉంది. దాని అవతల నుంచి, ఇంటిల్లిపాదీ తనకు ఒక అడుగు వెనుకగా నడుస్తుండగా, గంట పెద్దయ్య వచ్చాడు.

"ఏం సారూ, మీరు గూడ నడువ వత్తిరా?" అన్నాడు, ఈ ఏర్పాటు గురించి ఏమీ ఎరగని ముఖంతో.

"అవునండీ. వాతావరణం బాగుందని" అన్నాను నేను, అంతకంటే పెద్ద అబద్ధం అంతవరకు ఆడనివాణ్ణి.

"మంచిదే. మేం గూడ గట్లనే వచ్చినం."

"గట్లనే వచ్చేటోళ్ళు పట్టుచీరెలు కట్టుకొని వత్తరా అన్నా?" అన్నది పక్కనున్న స్థూలకాయురాలు. ఆమె పెద్దయ్య చెల్లెలు, దవాఖానలో నర్సు. పిల్లలంతా ఆమెను సూది అత్తమ్మ అంటారట. పెద్దయ్య ఆమె వైపు చూసిన చూపుకు కానుగ చిగురు వాడిపోవలసింది. పెద్దయ్య భార్య, ఇద్దరు తమ్ముళ్ళు, వారి భార్యలు నేల చూపులు చూశారు. అందరికీ చివరన, అత్తమ్మ వెనుక సగం మరుగున, ఆ పిల్ల ఉంది. నేను ఆమె వైపు చూడలేదు. చూడకూడదన్నది ఒక కారణం; చూస్తే ఏం చేయాలో తెలియకపోవడం రెండవది.

"పూలు తీద్దామని కెమెరా తెచ్చాను. పనిలో పనిగా మీ కుటుంబాన్ని కూడా…" అన్నాను.

"తియ్యుండ్రి. కాకపోతే ఒక్కటి సారూ. ఇవి లెంటు దినాలు. నవ్వేటి ఫోటోలు వద్దు."

"నవ్వే ఫోటోలు నాకు ఏ దినాలలోనూ గిట్టవు" అన్నాను. పెద్దయ్య ముఖం వికసించింది (నవ్వు కాదు, తృప్తి). "పిలగాడు పద్ధతిగల్లోడు" అని తమ్ముళ్ళతో అనడం నాకు వినిపించింది.

ఇక నిలబెట్టడం. తరగతి ఫోటోకు పిల్లలను నిలబెట్టడంలో నా గొంతు బొంగురుపోయిన అనుభవం ఉంది కనుక సిద్ధపడే వెళ్ళాను. ఆశ్చర్యం, ఒక్క మాట చెప్పవలసిన పని లేకపోయింది. "అందరూ కలిసి నిలబడండి" అన్నానో లేదో, మగవారంతా కుడి వైపు, ఆడవారంతా ఎడమ వైపు వరుస తీరారు. పెద్దలు లోపలి కొసన, చిన్నలు వెలుపల. చేతులు ముందుకు కట్టుకున్నారు, తలలు వంచారు. రెండు వరుసల నడుమ మంచమంత జాగా వదిలారు. ఆ జాగాలోంచి వెనుకనున్న బంతిపూలు కనిపిస్తున్నాయి. నేను పూలు తీయడానికి వచ్చానన్నాను కదా, నా మాట మన్నించి పూలకు చోటు వదిలారని భావించి, మనసులోనే వారికి నమస్కరించాను. ఇంత క్రమశిక్షణ గల కుటుంబంలోకి అల్లుడిగా వెళ్ళడం నా జన్మకు తగినదే అనిపించింది.

సరిగ్గా అప్పుడే, ఆడవారి వరుస చివరన ఏదో కదిలింది. ఆ పిల్ల నడుమనున్న జాగా వైపు చూసింది, వంచిన తలల వైపు చూసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. భుజాలు అదురుతున్నాయి.

"ఏందే?" అన్నది అత్తమ్మ, పెదవులు కదపకుండా.

"ఏం లేదత్తా."

"దయచేసి ఎవరూ కదలకండి" అన్నాను, తరగతిలో వాడే గొంతుతో. ఆమె తల పూర్తిగా దించుకున్నది. ఒకటి తీశాను. మరొకటి తీశాను. తల ఎత్తదు. మా అమ్మకు పాపిడి చూపించి ఒప్పించలేను కదా! ఇక ఆఖరిది. "చివరన నిలబడినవారు తల ఎత్తాలి" అన్నాను కఠినంగా. ఆమె తల ఎత్తింది. ఆ జాగా వైపు మరొక్కసారి చూసింది. అంతే, ఆపుకోలేక పకపకా నవ్వింది. ఉలికిపడి నా వేలు మీట నొక్కేసింది. రీలు అయిపోయింది.

"లెంటుల గా నవ్వేంది బిడ్డా!" అని పెద్దయ్య గద్దించాడు. అందరూ గబగబా సెలవు తీసుకున్నారు. వెళుతూ వెళుతూ కూడా ఆమె భుజాలు అదురుతూనే ఉన్నాయి.

ఆ రాత్రి గదిలో అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను. ఆమె నన్ను చూసే నవ్వింది, సందేహం లేదు. అయితే నాలో దేనిని చూసి? పాపిడి తిన్నగానే ఉంది. చెవులు మాత్రం కొంచెం పెద్దవి. అంతవరకు వాటిని నేను వినికిడి సాధనాలుగానే భావించాను. వాటికొక ఆకారముందని ఆ రోజే తెలిసింది. ఒక్క క్షణం తిన్నగా నిలబడలేని మనిషి రేపు ఇల్లు ఎలా నిలబెడుతుందని నాకు నేనే ఉపన్యాసమిచ్చుకున్నాను. అమ్మ ఎలాగూ కాదంటుంది, పీడ విరగడ అనుకున్నాను. అనుకున్న తరువాత నిద్ర పట్టలేదు. ఆ నవ్వు చెవుల్లోనే ఉంది (అవి పెద్దవి కనుక బాగానే పట్టింది).

ఫోటోలు కడిగించి తొర్రూరు బస్సెక్కాను. అమ్మ దిండుకు ఆనుకుని కూర్చుని, మొదటి ఫోటోను వెలుతురుకు పట్టి చూసింది. చూసి, నాలుకతో చప్పరించింది.

"అయ్యో పాపం. ఎవలు పోయిన్రు బిడ్డా?"

"ఎవరూ పోలేదమ్మా."

"ఎవలు పోకపోతే గిట్లెందుకు నిలవడ్డరు? మరి పెట్టె యేది?"

"ఏ పెట్టె?"

"ఏ పెట్టేందిరా! గదో, మధ్యల జాగ వదిలిన్రు గద. శవం పెట్టె యేది?"

నేను గోడ వైపు చూశాను. అక్కడ మా నాన్న సమాధి రోజున తీసిన ఫోటో వేలాడుతోంది. మా వైపు కుటుంబాలలో ఆ రోజుల్లో ఇంటిల్లిపాదీ కలిసి ఫోటోకు నిలబడే సందర్భం అదొక్కటే. పెళ్ళి ఫోటో దంపతులిద్దరికే పరిమితం. మిగిలిన బంధువర్గమంతా ఒకచోట దొరికేది, పెట్టెను సమాధుల తోటకు ఎత్తే ముందే. మగవారు కుడి, ఆడవారు ఎడమ, చేతులు ముందుకు, తలలు కిందికి, నడుమ పెట్టె. ఆ ఫోటోలో కుడి వరుస చివరన, పెద్ద చెవులతో, తల వంచి నేనూ ఉన్నాను. గంట పెద్దయ్య కుటుంబానికి ఫోటో అంటే తెలిసిన ఒకే ఒక భంగిమ అది. నా కెమెరాను చూడగానే భక్తిగా ఆ భంగిమలో నిలబడ్డారు. లెక్కల మాస్టరునైన నేను, అది క్రమశిక్షణ అనుకుని మురిసిపోయాను.

అమ్మ రెండవదీ చూసి పక్కన పెట్టింది. ఆఖరిది చేతికి తీసుకుని ఆగిపోయింది.

"గీ నవ్వే పిల్ల ఎవలు?"

"ఆ పిల్లే" అన్నాను. "నీకు ఇష్టం లేకపోతే వద్దులే అమ్మా. నన్ను చూసి నవ్వింది."

"నిన్ను చూసి నవ్వుడా? నిన్ను చూసి ఎవలన్న నవ్వంగ నేనైతే ఇంతవరకు చూడలే." ఫోటోను నా ముఖం ముందు పెట్టింది. "సరిగ్గ చూడు. కండ్లు యేడున్నయి గామెకు? నీ దిక్కున్నయా?"

చూశాను. ఆమె చూపు కెమెరా వైపు లేదు. నడుమ ఖాళీ వైపు ఉంది.

"గంతమందిల గా లేని పెట్టె గీ పిల్లకొక్కదానికే కనవడ్డదిరా!" అన్నది అమ్మ. అని నవ్వడం మొదలుపెట్టింది. సిమెంటు కట్టు మంచం అంచుకు తగిలి టకటకలాడేంతగా నవ్వింది. నాన్న పోయిన తరువాత ఆమె అలా నవ్వడం నేను వినలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని, గోడ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. "గా గోడ మీది మొఖాలు చాలు మనింటికి. నీదొకటి ఎట్లాగు ఉండనే ఉన్నది. పో, గీ పొద్దే బస్సెక్కి అయ్యగారికి చెప్పు. గీ పిల్ల ములుగుకు పోవద్దు."

వచ్చిన బస్సులోనే తిరిగి వెళ్ళినంత పని చేశాను. ఈస్టరు దాటాక చర్చిలో మా పెళ్ళి ప్రకటన చదివారు. గంట సకాలంలోనే మోగింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న పొద్దున నడకలో ఆ మడి దగ్గరే నేను ఆయాసం తీర్చుకోవడానికి ఆగాను. బంతి లేదు, ఏవో ఎర్రని పూలు వేశారు. మా ఆవిడ వెనుక నుంచి తన నిదానపు నడకతో వచ్చి, ఫోను తీసి, "పూలు మంచిగున్నయి. జర నిలవడుండ్రి" అన్నది. నాకు ఓపిక లేదన్నాను. "నిలవడటానికి ఓపికెందుకు?" అన్నది. నిలబడ్డాను. ఫోను ఎత్తి పట్టుకున్నది కాస్తా, దించేసింది. భుజాలు అదురుతున్నాయి.

"మళ్ళ గట్లనేనా?"

చూసుకున్నాను. చేతులు వాటంతటవే ముందుకు కట్టుకుని ఉన్నాయి. తల వంగి ఉంది. అదీగాక నేను ఒక పక్కకు జరిగి, నడుమ జాగా వదిలి నిలబడ్డాను.

"ఎవలకు వదిలిన్రు గా జాగ?"

"ఎవరికో మనిద్దరికీ తెలుసు గదా" అన్నాను. ఈ వయసులో అది హాస్యమో కాదో నాకే తెలియదు.

"తెలుసు. గా పెట్టె వచ్చేదాక నాకియ్యుండ్రి" అని వచ్చి, ఆ జాగాలో నా భుజానికి ఆనుకుని నిలబడి, చేయి ముందుకు చాచింది. తెరలో రెండు ముసలి ముఖాలు కనిపించాయి; వాటిలో పెద్ద చెవుల ముఖం మీద, పెదవుల చివర ఏదో కనిపించింది. వెలుతురు లోపమని చెప్పాను. ఆమె నమ్మలేదు.

అంతలో వెనుక నుంచి పరుగెత్తుకుంటూ వస్తున్న యువకుడెవరో ఆగి, "అంకుల్, జర బాట…" అన్నాడు. మేము బాటకు సరిగ్గా అడ్డంగా ఉన్నాము. "సారీ" అని చేతికర్రతో సహా పక్కకు జరిగాను. అతను దాటి వెళ్ళేదాకా చూసి, మళ్ళీ వెళ్ళి అక్కడే నిలబడ్డాను.