గేటు దగ్గర బెల్లం ముక్క

అసిరయ్య తాతకు కోపం వస్తే ముందు చెవులు ఎర్రబడతాయి, తర్వాత ఇల్లంతా ఎర్రబడుతుంది. ఆ వారం, బొబ్బిలి వైపు నుంచి హిందీ దేశానికి వలసొచ్చినవాళ్ళుండే భుయ్యాడీహ్ సందులో ఆయన చెవులను మామూలు రంగులో చూసినవాళ్ళు లేరు. కుడికాలి రెండో వేలు నల్లబడింది. సోమవారానికి పుండు మానుముఖం పట్టకపోతే వేలు తీసేస్తామన్నాడు డాక్టరు. ఇంకా అశ్రద్ధ చేస్తే పాదానికి కూడా తనది పూచీ కాదన్నాడు.

ఆ పుండు ఎలా వచ్చిందో ఎవరైనా చెబితే తాత ఒప్పుకోడు. చెప్పులో మేకు తేలింది. ఆ చెప్పుతోనే బజారుకెళ్ళి, సువర్ణరేఖ ఒడ్డు దాకా షికారు చేసి, ఇంటికొచ్చి గడపలో తీరిగ్గా టీ తాగాడు. గచ్చు మీద రక్తం చూసి కోడలు శైలజ కేక పెడితే, ఎవరికి దెబ్బ తగిలిందోనని ఆయన కూడా లేచి వెతికాడు.

"నొప్పే నేదు. నొప్పి నేకపోతే జబ్బేటి?" అని ఇప్పటికీ ఆయన వాదన. వేడి ఇసుకలో నిలబడ్డ కాళ్ళకు మేకొక లెక్కా అని పైగా గర్వం.

గమ్హరియాలో ఇనుము కరిగించి పోతపోసే ఒక చిన్న కార్ఖానాలో ఆయన వయసంతా గడిచింది. పని భట్టీకి, అంటే ఇనుము కరిగే కొలిమికి, తిండి పెట్టడం. ఇనప తుక్కు, కోకు బొగ్గు, సున్నపురాయి వరసగా పైనుంచి వేసేవాడు. ఇంటికొచ్చి తనకు తాను కూడా అలాగే వేసుకునేవాడు. కంచంలో అన్నం గుట్టకు అవతల కూర్చున్న మనిషి కనిపించకూడదు. అప్పట్లో అదంతా చెమటై పోయేది. పని మానేసి ఏళ్ళయింది. గుట్ట మాత్రం తగ్గలేదు.

సుగర్ అని తేలాక దాన్ని శైలజ తగ్గించింది.

"ఇదేటమ్మా, పిల్లికెట్టినట్టు పెట్టేవు?"

"పిల్లికి సుగర్ నేదు మావా. మీకుంది."

"భట్టీలో మాలు తక్కువేత్తే ఏటవుద్దో తెలుసా? ఆరిపోద్ది!"

"మీరారరు. మీ నోరు సూత్తే తెలత్తంది."

ఇలా అన్నం మీద రోజూ యుద్ధం. కానీ అసలు దొంగతనం అన్నంలో లేదు.

ఆ కార్ఖానాలో ఒక ఆనవాయితీ ఉంది. షిఫ్టు దిగి వస్తుంటే గేటు దగ్గర మున్షీ, అంటే కూలీల హాజరు వేసే గుమస్తా, ప్రతివాడి చేతిలో బెల్లం ముక్కలు పెడతాడు. గుండెలో చేరిన దుమ్మును బెల్లం కడిగేస్తుందని చెబుతారు. తాతకు పైడితల్లి మీద ఎంత నమ్మకమో దాని మీదా అంతే. పని మానేసినా దుమ్ము మానేయలేదు కదా! అందుకే ఇప్పుడు అక్కడే పనిచేస్తున్న కొడుకు అప్పలరాజు, తాను దగ్గుతూ కూడా, తన వాటా ముక్కలను రుమాల్లో చుట్టి తండ్రికి తెచ్చిస్తున్నాడు. పెళ్ళానికి తెలియనివ్వలేదు. తాత ముందు సుగర్ మాత్ర వేసుకుని, వెనకే బెల్లం చప్పరిస్తాడు. ఎవరికీ అన్యాయం చెయ్యని మనిషి.

శనివారం కట్టు మార్పించడానికి శైలజ ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. కట్టు కట్టే నర్సు సుధారాణి టెల్కో కాలనీలో పెరిగిన పిల్ల. వాళ్ళ పెద్దలదీ బొబ్బిలి వైపే కాబట్టి తాతను తిట్టడానికి ఆమెకు హిందీ అక్కర్లేదు. పుండు చూసుకుందామని తాత ముందుకు వంగాడు. చొక్కా జేబులోంచి బెల్లం ముక్క జారి, దొర్లుకుంటూ పోయి సరిగ్గా ఆమె కాళ్ళ దగ్గర ఆగింది.

"ఇదేటి తాతా?"

"బెల్లం."

"అది కనబడతంది. మీ జేబులో ఏటి సేత్తందని."

"అది సుగర్ కాదమ్మా, మందు. గుండెలో దుమ్ము దిగిపోద్ది. మావోడు కార్ఖానా నుంచి తెత్తాడు."

శైలజ నోరు నొక్కుకుంది. "ఓలమ్మో! నానక్కడ మెతుకులేరి పెడతంటే ఈలిద్దరూ దిమ్మలు మింగుతున్నారా!"

సుధారాణి కట్టు పక్కన పడేసింది. ఆమెకు కూడా చెవులు ఎర్రబడ్డాయి.

"ఇనండి తాతా. ఒంట్లో కంటికి కనబడని గదులుంటాయి, కోట్లకి కోట్లు. కణాలంటారు. గదిగదిలోనూ చిన్న పొయ్యిలు. తిన్నది సక్కెరయి, రక్తంలో ఆ గదులకెళ్ళి, పొయ్యిల్లో మండితేనే మనకి సత్తువ. వయసులో మీ కండలు అడిగి మరీ లాక్కున్నాయి. ఇప్పుడు పని నేదు, కండ కరిగింది. పొయ్యిలు కొన్ని ఆరిపోయేయి, ఉన్నవి పొగ కక్కతన్నాయి. ఆ పొగకే గది ముసిలిదయిపోద్ది. ఇంక మాకొద్దని గదులు తలుపులేసుకుంటే, మీరు పైనుంచి ఇంకా ఎత్తి పోత్తన్నారు! మండని సక్కెర ఎక్కడికి పోద్ది? రక్తంలోనే తిరిగి గొట్టాలు పాడు సేత్తది. నరాల్ని సంపేత్తది. మేకు దిగినా తెలీకపోడం మొగతనం కాదు. నరం సచ్చిపోడం."

తాత కాలి వేలి వంక చూశాడు. తర్వాత మెల్లిగా అడిగాడు.

"మరి దుమ్మో?"

"గాలి గొట్టం ఏరు, తిండి గొట్టం ఏరు. బెల్లం కడుపులోకి పోద్ది, దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉంటాది. రెండూ ఎక్కడ కలుసుకుంటాయి? దుమ్మాపాలంటే మూతికి మాస్కు కట్టాలి."

ఈసారి తాత చెవులు ఎర్రబడలేదు. తెల్లగా పాలిపోయాయి.

ఆయన పడుచుతనంలో ఒకసారి భట్టీ వాళ్ళంతా మాస్కులు కావాలని గొడవ చేశారు. ముందు నిలబడి అడిగింది అసిరయ్యే. అప్పటి మున్షీ ఆయన భుజం మీద చెయ్యేసి, మాస్కు దేనికి, ఈవేళ్టి నుంచి రెండేసి ముక్కలు పట్టుకెళ్ళండి అన్నాడు. అసిరయ్య ఆ రోజు పెళ్ళికొడుకులా ఇంటికొచ్చాడు. రెండో ముక్క సాధించింది తనేనని ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెబుతాడు. వినని చుట్టానికి రెండుసార్లు చెబుతాడు.

"ఆటో పిలు," అన్నాడు కోడలితో.

"ఇంటికేనా?"

"గమ్హరియా."

"కాలు కింద పెట్టొద్దన్నారు మావా!"

"కాలెట్టను. నోరెడతాను."

శైలజ ఒక్క క్షణం ఆలోచించింది. ఆమెకూ అక్కడ మొగుడితో పని పడింది. ఆటో పిలిచింది.

వాళ్ళు చేరేసరికి షిఫ్టు దిగుతోంది. కనుబొమల దాకా దుమ్ము పట్టిన మనుషులు గేటు దగ్గర వరస కట్టారు. అప్పటి మున్షీ పోయాడు, ఇప్పుడున్నది ఆయన అల్లుడు. బెల్లం పళ్ళెం మాత్రం అదే. తాత ఆటోలోంచి తల బయటపెట్టగానే గుర్తుపట్టి, "ఆయియే చాచా, గుడ్ లీజియే!" అంటూ, బెల్లం తీసుకోమని ఒక ముక్క అందించాడు.

తాత ఆ చేతిని తోసేశాడు. ఇన్నేళ్ళు హిందీలో బతికినా కోపం మాత్రం తెలుగులోనే వచ్చింది.

"దుమ్ముకి మందా ఇది? అయితే ఫేన్ కింద కూకుని నువ్వెందుకు మింగవురా? మూతికి గుడ్డడిగితే నోట్లో బెల్లం కుక్కేరు, మాట రాకుండా! నానే అడిగేను, నానే నోరు తెరిసేను!"

మున్షీకి ఒక్క ముక్క అర్థం కాలేదు. శైలజ దిగి హిందీలో చెప్పింది. మామగారు అనని మాటలు కూడా నాలుగు కలిపింది. మున్షీ మొహం మాడింది. బుఢ్ఢాకు మతిపోయిందని గొణిగి, వరసను కదలమన్నాడు. కొందరు నవ్వారు. చాలామంది బెల్లం తీసుకుని వెళ్ళిపోయారు. వరసలో అప్పలరాజు వంతు వచ్చింది. అలవాటు కొద్దీ చెయ్యి చాచాడు.

"అప్పలరాజూ! సెయ్యి తియ్!"

"అయ్యా, నౌకరీ కా సవాల్ హై..." ఉద్యోగం పోతుందేమోనని వాడి భయం.

"ఊపిరి సవాల్ కాదేట్రా? నా కాలు సూడు!"

అప్పలరాజు మున్షీని చూశాడు, ఆ కట్టును చూశాడు, ఆటో పక్కన నడుం మీద చేతులేసుకున్న పెళ్ళాన్ని చూశాడు. దగ్గుతూ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

సోమవారం వేలు పోయింది. పాదం నిలబడింది. ఇకముందు ఒళ్ళు దగ్గర పెట్టుకుంటే నిలబడుతుందన్నాడు డాక్టరు. వేలు పోయినందుకు కాదు, పోయేటప్పుడైనా సరిగ్గా నొప్పి పుట్టలేదని తాతకు మండింది. ఇంటికొచ్చాక శైలజ పెట్టిన గరిటెడు అన్నం నోరెత్తకుండా తిన్నాడు. ఒంట్లో బాగాలేదేమోనని ఆమె భయపడింది.

తర్వాత కొన్నాళ్ళకు ఒక సాయంత్రం అప్పలరాజు పని దిగి వచ్చాడు. తాత ముందు వాడి రుమాలు లాక్కుని వాసన చూశాడు. బెల్లం లేదు. తర్వాత గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకు తిప్పాడు. బుగ్గల మీద అడ్డంగా పట్టీల గుర్తులున్నాయి. ముక్కు చుట్టూ దుమ్ము లేదు.

"మాస్కా? ఎవులిచ్చేరు?"

"ఎవులిత్తారయ్యా? మా వరసోళ్ళం మేమే కొనుక్కున్నాం."

తాత చెవులు ఎర్రబడ్డాయి. లోపల శైలజ అన్నం గిన్నె దించి, చీర కొంగు బిగించింది.

"కార్ఖానావోడు ఇవ్వాల్సింది మీరెందుకు కొన్నార్రా?" అని అరుస్తూ ఆయన చేతికర్ర కోసం తడుముకున్నాడు. "ఎల్లు, ఆటో పిలు!"