దారిలో ఆగిన కణాలు

మా జువాలజీ మేడం పోయారని రేపల్లె నుంచి ఆవిడ పక్కింటావిడ ఫోన్ చేసి చెప్పారు. "నిద్రలోనే పోయారమ్మా. ఎవరికి కబురు చెయ్యాలో తెలీలేదు. ఆవిడ ఫోన్లో నీ పేరుంటే చేశాను," అన్నారు.

తెనాలి కాలేజీకి మేడం రోజూ రేపల్లె ప్యాసింజర్‌లో వచ్చేవారు. గొంతు పెంచడం ఎరగరు. వెనక బెంచీలకు వినపడకపోతే తానే అక్కడికి నడిచి వెళ్లి చెప్పేవారు.

ఒకరోజు గర్భంలో మెదడు ఎలా తయారవుతుందో చెప్పారు. నాడీకణాలు పుట్టిన చోటే ఉండిపోవు. లోపలి పొరలో పుట్టి, పొడవాటి పోగుల్లాంటి వేరే కణాలను పట్టుకుని పైకి పాకి, తమ చోట కుదురుకుంటాయి.

"మధ్యలో ఆగిపోతే ఏమవుతుందండి?" అని అడిగాను.

మేడం సుద్దముక్క బల్ల మీద పెట్టేశారు. "ఆదివారం మా ఇంటికి రామ్మా," అన్నారు.

వెళ్లాను. మంచం మీద ఆవిడ కూతురు, ఇంచుమించు నా వయసు పిల్ల. నడక లేదు, మాట లేదు, తరచూ ఫిట్స్. అరటిపండు మెదిపి చెంచాతో పెడుతూ మేడం చెప్పారు: "దీని మెదడు మీద ముడతలుండవు, నున్నగా ఉంటుంది. కణాలు దారిలోనే ఆగిపోయాయి."

కడుపుతో ఉండగా గ్రహణంలో బయట తిరిగిందని అత్తవారు ఆవిడనే తప్పుపట్టారట. కొన్నాళ్లకు భర్త కూడా రావడం మానేశారు. "గ్రహణం వల్ల కాదంటే ఇంట్లో ఒక్కరూ వినలేదు. క్లాసులో అయితే వింటారు కదా, ఏటా చెబుతాను," అన్నారు.

నేను మెదడు కణాల మీద పరిశోధనలోకి వచ్చింది ఆ ఆదివారం వల్లే.

కూతురు పోయినప్పుడు వచ్చినవాళ్లంతా, పోనీలే, ఇద్దరి బాధా తీరిందన్నారట. "పిల్ల ఎలా ఉండేదని ఎవరూ అడగలేదమ్మా," అన్నారు నాతో. నేను అడిగాను. కొళాయి చప్పుడుకి నవ్వేదట. ఆరేసిన తడి చీర మొహానికి తగిలితే హాయిగా కళ్లు మూసుకునేదట. పొద్దువాలేదాకా చెబుతూనే ఉన్నారు.

కిందటిసారి వెళ్లినప్పుడు మా ల్యాబ్‌లో తీసిన వీడియో ఫోన్లో చూపించాను. కణాలు ఒకదాని పక్కన ఒకటి పోగులను ఆనుకుంటూ, తడుముకుంటూ పైకి పోతున్నాయి. ఒకటి మాత్రం కదలకుండా ఉండిపోయింది. మేడం దాని మీద వేలు పెట్టారు. వేలు తగిలి వీడియో ఆగిపోయింది. మళ్లీ పెట్టమంటారేమోనని చూశాను. ఆవిడ వేలు తియ్యలేదు.