అత్త దిగిన కాడ

డీజిల్ ఆటో పొగ వాసన తగిలితే ఇప్పటికీ నాకు తల దించుకోబుద్ధయితది.

అప్పుడు నాకు ఎనిమిదేండ్లు. పటాన్‌చెరుల నాకు బడి బట్టలు కొని, మా మేనత్త నన్ను సంగారెడ్డికి తోలుకొస్తున్నది. అత్త లావు మనిషి. ఆ రోజు శనివారం, ఆమెకు ఒక్కపొద్దు. పొద్దటి సంది ఏం తినలే. నా చేతిల బజ్జీల పొట్లం మాత్రం ఆమె కొనిచ్చిందే.

ఆటోల వెనుక సీటు మొత్తం ఒక కంపెనీ మనిషి తాగి పండుకున్నడు. మిగిలినోళ్లం ఒకరి మీద ఒకరం ఇరికి కూసున్నం. రుద్రారం దాటినంక ఎత్తు కాడ ఆటో ఆగిపోయింది.

"అక్కా, నువ్వు దిగు. నీ బరువుకే ఆగింది," అన్నడు డ్రైవర్.

"నోరు కట్టుకుంటె గిట్లెందుకైతది?" అన్నది పక్కనున్నామె.

"మరి ఆయనను గూడ లేపుండ్రి," అన్నది అత్త మెల్లగ.

"పాపం, పండనియ్యి. కంపెనీల అంత కష్టం చేసినంక తాగకుంటె ఎట్ల?" అన్నది ఆ పక్కనున్నామెనే.

అత్త దిగింది. "నువ్వు గూడ వస్తవా బిడ్డా?" అని అడిగింది. అందరు నన్నే చూస్తున్నరు. రానన్న. ఆమె దిగితె ఆటో దానంతటదే కదుల్తదని నిజంగనే నమ్మిన.

కదల్లే. ఇంకెవరు దిగలే. అత్తే కొంగు నడుముకు చెక్కుకొని వెనుక నుంచి తోసింది. ఇంజన్ అందుకున్నది. ఎత్తుల ఆపితె మళ్ల బందైతదని డ్రైవర్ ఆపలే.

ఎండల, రోడ్డు మీద, అత్త చిన్నగైకుంట పోయింది. ఆపమని నేను ఒక్క మాట అనలే. నోటి నిండ ఆమె కొనిచ్చిన బజ్జీ ఉండె.