రాయని ‘కాదు’

మా బాబాయి చట్టసభలో రిపోర్టరు. పత్రికల రిపోర్టరు కాదు. సభ్యుల ప్రతి మాటా షార్ట్‌హ్యాండులో రాసుకుని, టైపు చేయించి, రికార్డుకెక్కించే ఉద్యోగం. దేశమూ కొత్త, సభా కొత్త. పాత గోదాములో కూర్చునేవారు. మైకులు ముందు రెండు వరుసలకే. వెనకవాళ్లు గొంతు చించుకోవాల్సిందే. ఒకరు మాట్లాడుతుంటే నలుగురు లేచేవారు. ఆ రభసనంతా బాబాయి పెద్దమనుషుల సంభాషణలా దిద్దేవాడు. అదే ఆయన కొంప ముంచింది.

ఒకరోజు సభాపతి, ఈ సమావేశాల్లో మంత్రులు ప్రశ్నలకు జవాబివ్వనక్కర్లేదని ప్రతిపాదించాడు.

“ఒప్పుకునేవారు ఔననండి.”

కప్పు ఎగిరిపోయేలా ఔనన్నారు.

“కాదనేవారు?”

చిట్టచివరి వరుసలోంచి ఒక్క గొంతు “కాదు” అంది. ఆమె నర్సు, మొదటిసారి గెలిచి వచ్చింది. సభాపతికి వినపడలేదు. బాబాయికి వినపడింది. రోజూ కుమ్ములాడుకునే సభ ఒక్కరోజైనా ఒక్క మాట మీద ఉన్నట్టు కనపడాలని ఆయనకు ముచ్చటేసింది. ‘ఏకగ్రీవంగా ఆమోదం’ అని రాసేశాడు.

ఆ తర్వాత వచ్చిన ప్రతి సభాపతీ మంత్రుల్ని ప్రశ్నలడిగే గంట ఎగ్గొట్టాలంటే ఆ పేజీయే తీసేవాడు. “తొలి సభే ఏకగ్రీవంగా చేసింది, మనమెంత?” అనేవాడు. అది ఆనవాయితీ అయింది, చివరికి నిబంధనై కూర్చుంది. ఆ మాటలూ బాబాయే రాసుకోవాలి. అలాంటి రోజున కంచం ముందు అన్నం కెలుకుతూ కూర్చునేవాడు.

“ఒంట్లో బాలేదా?” అని పిన్ని అడిగేది.

“చెవులు మరీ బాగున్నాయి,” అనేవాడు. పిన్నికి ఒళ్లు మండేది.

ఇరవై రెండేళ్లు గడిచాయి. నేనూ అదే రికార్డు గదిలో చేరాను, బాబాయి పలుకుబడితో కాదు, పరీక్ష రాసే. ఒక మధ్యాహ్నం ఆ నర్సమ్మ వచ్చింది. ఆ రోజు పేజీ చూడాలంది. బాబాయే తెచ్చి ముందు పెట్టాడు. ఆమె రెండుసార్లు చదివింది.

“అయితే నేను అనలేదన్నమాట,” అంది మెల్లగా.

బాబాయి ఊరుకుంటాడనే అనుకున్నాను. రిటైరవడానికి ఇంకా రెండు నెలలే ఉన్నాయి మరి.

“అన్నారమ్మా. నేను విన్నాను. రాయలేదు.”

ఆమె కేకలేస్తుందని భయపడ్డాను. వేసినా బాగుండేది.

“ఎందుకండీ?”

“ఒక్కరే కదా అని. తప్పు చేశానమ్మా. ఇప్పుడే సభాపతికి రాసిస్తాను, దిద్దమని.”

“దిద్దించండి,” అంది. కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది. “అందరూ ఏకగ్రీవమే అంటుంటే, ఆ రోజు నా నోరు పెగల్లేదనే అనుకున్నానండీ ఇన్నాళ్లూ. ఇంత పిరికిదానికి సభ ఎందుకులే అని మళ్లీ పోటీ చేయలేదు.”